తాగినాను సార్

"నువ్వు ఒక్క మాట చెప్తే చాలప్పా. తాగలేదు అను. మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు లాయరు నరసింహప్ప.

ఓబిలేష్ తల వంచుకుని కూర్చున్నాడు. పక్కనే వాళ్ల నాయన గంగాధరప్ప, కొడుకు నోట్లోంచి ఆ మాట ఎప్పుడు ఊడిపడుతుందా అని చూస్తున్నాడు.

"తాగినాను సార్" అన్నాడు ఓబిలేష్.

గంగాధరప్ప నెత్తి కొట్టుకున్నాడు.

సోమందేపల్లెలో పట్టునూలు అమ్మే గంగాధరప్పకు ఒక్కడే కొడుకు ఓబిలేష్. టీ కూడా సగం గ్లాసుతో సరిపెట్టే మనిషి. అట్లాంటివాడు ధర్మవరం నుంచి మోటారుసైకిల్ మీద వస్తూ, పొద్దుగూకేవేళ హైవే మీద పోలీసులకు దొరికాడు. నిజానికి వాళ్లు పట్టుకోలేదు. వాళ్ల పాటికి వాళ్లు లారీలు తనిఖీ చేసుకుంటున్నారు. ఇతనే నేరుగా పోయి ఎస్సై ముందు బండి ఆపి, "టైమెంతయింది సార్?" అని అడిగాడు. చేతికి వాచీ ఉంది. గుప్పున బ్రాందీ వాసన కొట్టింది.

మామూలుగా అయితే నలుగురూ నవ్వుకుని మరిచిపోయే కేసు. కానీ ఓబిలేష్‌కు పెళ్లి కుదిరింది. ధర్మవరంలో పట్టుచీరలు నేయించే శ్రీరంగప్ప కూతురు సునందతో తాంబూలాలు కూడా అయిపోయాయి. శ్రీరంగప్పకు మందు పేరెత్తితే మంట. సొంత తమ్ముణ్ణి తాగుడుకే పోగొట్టుకున్నాడు. కేసు సంగతి తెలియగానే వచ్చి గంగాధరప్ప ఇంటి గడప బయటే నిలబడ్డాడు.

"కోర్టు కేసు కొట్టేసిందా, మీ పిల్లోడు మంచోడు, పెళ్లి జరుగుతాది. శిక్ష పడిందా, మీ దారి మీది, మా దారి మాది" అన్నాడు. మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు.

అందుకే పెనుకొండలో ఈ లాయరు దగ్గరికి రావడం.

నరసింహప్ప ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. "చట్టంలో దీనికి ఆరునెలల దాకా జైలు ఉండాది. నీకిది మొదటిసారి కాబట్టి, ఒప్పుకుంటే జరిమానా కట్టించుకుని వదిలేస్తారు. కానీ నేరం నీ పేరు మీద నిలబడిపోతాది. మూడేండ్ల లోపల మళ్లీ దొరికితే రెండేండ్ల దాకా లోపలేస్తారు."

"మళ్లీ దొరకను సార్."

"అసలు ఇప్పుడే దొరకలేదప్పా నువ్వు!" లాయరుకు ఉత్సాహం వచ్చింది. "నోట్లో పెట్టి ఊదించే మిషన్ వాళ్ల దగ్గర లేదు. రక్తం తీయలేదు. డాక్టరేం రాసినాడు? వాసన వస్తాంది, నడక బాగుండాది, మాట బాగుండాది. అంతే. వాసనకు శిక్ష యాడుండాది? రక్తంలో ఎంత మందు ఉండాదో లెక్క చూపియ్యల్ల. వాళ్లేం చూపిస్తారు?"

గంగాధరప్ప మొహం వెలిగిపోయింది. "విను నాయనా, విను!"

"అదంతా నిజమే గానీ, నేను తాగినాను కద సార్."

నరసింహప్ప కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తాగి, తాగలేదని ఒట్లు వేసేవాళ్లతోనే ఆయనకు ఇన్నేళ్లూ గడిచింది.

"సరే. ఎంత తాగినావు?"

ఓబిలేష్ బల్ల మీదున్న మంచినీళ్ల చెంబు వైపు చూశాడు.

"ఒక చెంబుడు."

"చెంబుడు బ్రాందీ తాగినోడు హైవే దాకా యాడొస్తాడప్పా? ఆసుపత్రిలో తేలతాడు!" లాయరు గంగాధరప్ప వైపు తిరిగాడు. "అన్నా, కోర్టులో వీణ్ణి నోరు మెదపనీకు."

వాయిదా రోజు తల్లి నాగలక్ష్మమ్మ కొడుకు నుదుట కుంకుమ పెట్టి, "తాగలేదు అను నాయనా, నీ కాళ్లు పట్టుకుంటా" అని మరీ పంపింది. కోర్టు హాల్లో వెనక బెంచీ మీద శ్రీరంగప్ప చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

మేజిస్ట్రేటు కేసు చదివి వినిపించాడు. "నేరం ఒప్పుకుంటున్నావా?"

వెనకనుంచి లాయరు చొక్కా పట్టి లాగాడు.

"తాగినాను సార్."

"ఒప్పుకోమని మీ లాయరు చెప్పాడా?"

"వద్దనే చెప్పినాడు సార్."

హాలంతా నవ్వింది. మేజిస్ట్రేటు కూడా కాగితం అడ్డం పెట్టుకున్నాడు. "ఇంకెప్పుడైనా తాగి బండెక్కుతావా?"

"జన్మలో ఎక్కను సార్."

జరిమానా, దాంతోపాటు కోర్టు లేచేదాకా అక్కడే నిలబడి ఉండాలని శిక్ష. ఓబిలేష్ బుద్ధిగా గోడ పక్కన నిలబడ్డాడు.

బయట వేపచెట్టు నీడలో గంగాధరప్ప చేతులు జోడించాడు. "తప్పు మాదే అన్నా. మీ పాపను ఎవడన్నా ఒక్క మాటన్నాడంటే నేను ఊరుకోను."

"మీ పిల్లోడు నిజం చెప్పినాడు. అంతవరకు సంతోషం" అని శ్రీరంగప్ప ధర్మవరం బస్సెక్కాడు.

ఇంటికి పోయి సంగతి చెప్పగానే సునంద పైట నోటికి అడ్డం పెట్టుకుని గదిలోకి పరిగెత్తింది. గోడవైపు తిరిగిన ఆ పిల్ల భుజాలు కదిలిపోతుంటే శ్రీరంగప్ప గుండె కరిగిపోయింది. ఇంత బాధపడుతుందనుకోలేదు.

"ఏడవొద్దు తల్లీ. నీ తప్పేం లేదని రెండూర్లూ అంటాండాయి. నాకిప్పుడు సంబంధాలు చూసే ఓపిక లేదు. అనంతపురంలో బీఈడీ సీటొచ్చింది, చేరతానని అంటివే? పెళ్లి పెట్టుకుని చదువేందని నేనే వద్దంటి. పో తల్లీ, పోయి చేరు."

ఓబిలేష్ పోలీసులకు దొరికిన ఆ రోజు, ధర్మవరం బస్టాండు వెనకాల అతన్ని బతిమాలి, చేతిలో క్వార్టరు బ్రాందీ సీసా పెట్టి, "మింగొద్దు, పుక్కిలించి ఉమ్మేయండి, మిగిలింది చొక్కా మీద పోసుకుని పోలీసుల ముందర బండి ఆపండి" అని చెప్పి పంపింది సునందే.