దాచు

"దాచు అంటే యాడ దాచేది, బీరువాలోనా?" అని మహానంది అనేసరికి ఆఫీసంతా గొల్లున నవ్వింది.

రెజీనా నవ్వలేదు. కళ్ళద్దాలు సర్దుకుని, తెర మీద ఉన్న ఆ మాటనే చూస్తూ కూర్చుంది.

"సేవ్ అన్నమాట అన్నా. తెలుగులో అట్ల రాసినారు" అన్నాడు నవీద్, మూడో కంప్యూటరు దగ్గర నుంచి తల ఎత్తకుండానే.

"మరి పేస్టుకు ఈ 'అతికించు' ఏందప్పా? జిగురు కూడా ఇస్తారా?"

మళ్ళీ నవ్వులు.

కడపలో అది బండల వ్యాపారుల సంఘం ఆఫీసు. ఉన్న ఎనిమిది కంప్యూటర్లూ పన్నెండేళ్ల నాటివి. వాటిలోని విండోస్‌కు కాలం చెల్లింది. కొత్తది ఎక్కిద్దామంటే ఆ ముసలి పెట్టెలు మోయలేవు. అందుకని సంఘం కార్యదర్శి గోపన్న, పాత పెట్టెల్లోనూ నడిచే, ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోగలిగే లినక్స్ పెట్టించాలనుకున్నాడు. ఆ పని మీదే నవీద్ కర్నూలు నుంచి వచ్చి లాడ్జీలో దిగాడు. తెలుగు మెనూలు కూడా ఉన్నాయంటే, "పెట్టు చూద్దాం" అన్నాడు గోపన్న.

వారం తిరక్కముందే నవీద్‌కు ఒక సంగతి అర్థమైంది. ఆఫీసులో తక్కినవాళ్ళంతా ఒక ఎత్తు, రెజీనా ఒక ఎత్తు. ఆమెకు యాభై ఏడేళ్ళు. టైపు మిషన్ల కాలం నుంచి అక్కడే పని. అందరికంటే ముందు వస్తుంది, అందరి తర్వాత పోతుంది. నాలుగు గంటలకు అందరూ కలిసి టీకి పోతారు. ఆమెను రమ్మని పిలిచినవాళ్ళు లేరు, నేనూ వస్తానని ఆమె అన్నదీ లేదు.

"చర్చి వెనక ఒక్క గదిలో ఉంటాది. వాళ్ళమ్మ పోయినాక ఇంటికాడ పలకరించే దిక్కు లేదు" అని చెప్పాడు మహానంది. "అందుకే నిన్ను పట్టుకునింది. జాగ్రత్తప్పా, వదల్దు."

నిజమే, వదల్లేదు. రోజుకు పదిసార్లు పిలిచేది. ఆ అడగడం కూడా వింతగా ఉండేది. ఫలానా పని ఎట్లా చెయ్యాలని అడిగేది కాదు.

"నవీదూ, 'చర్య రద్దు' అంటే చూడగానే తెలుస్తాండాదా?"

"తెలుస్తాది మేడమ్, అన్‌డూ గదా."

"శానా బరువుగా లేదూ, కోర్టు మాట మాదిరి?"

ఏదో ఒకటి చెప్పి తప్పుకునేవాడు. పెద్దావిడకు కొత్తది ఎక్కడం లేదు, పాపం, మాటల్లో పడి కొట్టుకుంటోంది అనుకునేవాడు. కానీ మధ్యాహ్నం ఆమె డబ్బా విప్పి "రా నాయనా" అంటే కాదనలేకపోయేవాడు. పొద్దున లాడ్జీలో లేచింది మొదలు తనను పేరుపెట్టి పిలిచే మనిషి ఆమె ఒక్కతే.

అట్లా ఒకరోజు తింటూ ఉండగా అడిగింది.

"ఆ 'దాచు' అనే మాట చూస్తే నీకేం తోస్తాది? నిజం చెప్పు."

"మా దాదీ, అంటే మా అవ్వ, తోస్తాది మేడమ్. నేను బడి నుంచి వచ్చేలోగా అందరూ తినేస్తారని నాకోసం ఒక రొట్టె దాచిపెడతాండె."

రెజీనా చెయ్యి ముద్ద దగ్గర ఆగిపోయింది. ఆమె నవ్వడం ఆ రోజే మొదటిసారి చూశాడు.

"అయితే ఆ మాట ఉండనీ" అంది.

సోమవారం గోపన్న నవీద్‌ను తన గదిలోకి పిలిచాడు.

"తెలుగు తీసేసి ఇంగ్లీషు పెట్టెయ్యప్పా. ఎవరికీ అలవాటు కాలేదు. వచ్చినోళ్ళ ముందర నవ్వులపాలైతాండామని అందరూ సంతకాలు పెట్టిచ్చినారు."

"అందరూనా సార్?"

"రెజీనమ్మ తప్ప. ఆమె లెక్క వేరేలే."

నవీద్ ఒక్కొక్క కంప్యూటరే మార్చుకుంటూ వచ్చాడు. ఏడు అయ్యాయి. ఎనిమిదోది కిటికీ పక్కన, రెజీనాది.

"మేడమ్, మీది కూడా మార్చమన్నారు."

"నాదొక్కటి వదిలెయ్యగూడదా నాయనా?"

"అన్నీ ఒక్క తీరుగా ఉండాలంట మేడమ్. అయినా మీకు టైపింగంతా ఇంగ్లీషులోనే అలవాటు గదా, ఇదే సులువు."

ఆమె లేచి తన కుర్చీ అతనికిచ్చి, వెనక నిలబడింది. నవీద్ నాలుగు మీటలు నొక్కాడు. తెర ఒకసారి నల్లబడి వెలిగింది. వెలిగాక ఒక్క తెలుగు అక్షరం కూడా లేదు.

"ఎంతసేపు పట్టింది?" అని అడిగింది రెజీనా.

"రెండు నిమిషాలు మేడమ్."

"రెండు నిమిషాలు" అంది ఆమె, తనలో తాను చెప్పుకుంటున్నట్టు.

ఆ మధ్యాహ్నం ఆమె డబ్బా విప్పలేదు. పని ముగించుకుని పోయేముందు నవీద్ ఆమె దగ్గరికి వచ్చి, ఇంకేమన్నా అనుమానాలుంటే ఫోన్ చెయ్యమన్నాడు. "ఏం లేవు నాయనా, మంచిగా పోయిరా" అంది. ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒక్కటీ అడగలేదు. మెట్లు దిగుతుంటే నవీద్‌కు ఎందుకో అది వెలితిగా అనిపించింది.

కర్నూలు బస్సు రావడానికి ఇంకా అరగంట ఉంది. బస్టాండు బల్ల మీద కూర్చుని నవీద్ లాప్‌టాప్ తెరిచాడు. కర్నూలులోని తన ఆఫీసుకు పంపాల్సిన రిపోర్టులో సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు రాయాలి. అతని లాప్‌టాప్‌లో ఇంకా తెలుగు మెనూలే ఉన్నాయి. 'గురించి' అన్నచోట నొక్కితే నంబరు కనబడింది. దాని కింద, దాన్ని తయారుచేసినవాళ్ళ పేర్లు. ఇట్లాంటివి జీతం బత్తెం లేకుండా ఎక్కడెక్కడివాళ్ళో కూర్చి ఇస్తారు. నవీద్ ఎన్నడూ ఆ పేర్లు చదవలేదు. బస్సు ఇంకా రాలేదు కాబట్టి ఊరికే కిందికి జరుపుకుంటూ పోయాడు. మెనూలను అనువదించినవాళ్ళు ఒక్కొక్క భాషకూ పదేసి మంది, ఇరవయ్యేసి మంది. తెలుగు అనువాదం దగ్గరికొచ్చేసరికి, పదకొండేళ్లుగా ఒక్కరే.

రెజీనా, కడప.