ఖాళీ కావలసిన సీటు

ఫ్లాస్కు అతని చెవి పక్కగా దూసుకెళ్ళి గోడకు తగిలి పగిలింది. పదకొండు రోజులు కంటికి రెప్పలా కాచుకున్న స్ఫటికాలు గాజుపెంకులతో కలిసి నేలపాలయ్యాయి.

"ఏరు," అన్నాడు గైడు. "ఒట్టి చేతులతో ఏరు. తొడుగులు వేసుకున్నావంటే ఊరుకోను."

అతను మోకాళ్ళ మీద కూర్చుని ఏరసాగాడు. మూడో పెంకుకే అరచెయ్యి తెగింది. రక్తం చూసి గైడుకు జాలి కలగలేదు సరికదా, బూటుకాలితో ఆ చేతినే నేలకేసి అదిమాడు. పెంకు ఇంకాస్త లోపలికి దిగింది. ల్యాబులో ఉన్న మిగతా ఇద్దరూ తలలు వంచుకుని తూకం యంత్రంలో అంకెలు చూస్తున్నట్టు నటించారు. వాళ్ళను మాత్రం ఏమనగలం, వాళ్ళ వంతు వాళ్ళకూ ఉంది.

"ఎందుకో తెలుసా, సన్నాసీ?"

ఐదేళ్ళుగా ఆ ల్యాబులో అతని పేరు సన్నాసే. కెమిస్ట్రీలో డాక్టరేట్ చేద్దామని దేశం దాటి వచ్చాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుందని అతనికే గుర్తు లేకుండా పోయింది.

"తెలీదు సార్."

"ఆ అమ్మాయికి నువ్వింకా జవాబు రాయలేదు. అందుకు."

ఆ అమ్మాయి వేరే దేశంలో ఉంది. డాక్టరేట్‌కు రమ్మని రెండు యూనివర్సిటీలు పిలిచాయి, అందులో ఇదొకటి. ఎటో తేల్చుకోవడానికి ఇవాళే ఆఖరు రోజు. అందుకని 'మీ గైడు ఎలాంటివారు అన్నా' అంటూ అతనికి మెయిలు పెట్టింది. పరాయి దేశం వెళ్ళి చదవాలనుకునే వాళ్ళంతా చేసే పనే అది. లోపల ఉన్నవాళ్ళని అడిగితే నిజం తెలుస్తుందనుకుంటారు, పిచ్చివాళ్ళు. ఐదేళ్ళ క్రితం అతనూ అలాగే అడిగాడు. "మా గైడు తండ్రి లాంటివారు, కళ్ళు మూసుకుని వచ్చెయ్" అన్నాడు అప్పటి సీనియర్. ఆ సీనియర్‌ను తిట్టుకోని రోజు లేదు.

గైడు అతన్ని కాలరు పట్టి లేపి, కంప్యూటర్ ముందున్న కుర్చీలోకి తోశాడు. తల బల్ల అంచుకు కొట్టుకుని కళ్ళు బైర్లు కమ్మాయి.

"నాలుగింటికి వీడియో కాల్ చేయమని నీ పేరుతో నేనే రాశాను. ఆమె నీ సీటులోకి వస్తానంటే నీ థీసిస్ మీద సంతకం పెడతా, పోదువుగాని. రానందా, ఇంకో రెండేళ్ళు ఇక్కడే పడుంటావు. ఎదురు తిరిగావంటే వీసా వాళ్ళకి నేను రాసే ఒక్క ఉత్తరం చాలు."

సరిగ్గా నాలుగింటికి తెర మీద ఆ అమ్మాయి ముఖం కనిపించింది. గైడు కెమెరాకు అందకుండా పక్కకు జరిగి, బల్ల కింద అతని తెగిన చేతిని పట్టుకున్నాడు.

"అన్నా, మొహమాటం లేకుండా చెప్పండి. ఐదేళ్ళు గడపాల్సిన చోటు. మీ గైడు ఎలాంటివారు?"

నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాడు. గైడు బొటనవేలు గాయంలోకి దిగింది. చెయ్యి మొత్తం మంటెత్తిపోయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తండ్రి లాంటివారమ్మా. కళ్ళు మూసుకుని వచ్చెయ్."

ఇన్నాళ్ళూ తిట్టుకున్న మాటలే పొల్లుపోకుండా తన నోటివెంట వచ్చాయి. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఈ మాట కోసమే ఆగాను అన్నా. సార్ అక్కడుంటే ఒకసారి పిలుస్తారా?"

గైడు బొటనవేలిని అతని చొక్కాకు తుడుచుకుని, నవ్వు ముఖం పెట్టి తెర ముందుకు వచ్చాడు.

"నమస్కారం సార్. మీ ల్యాబుకే వద్దామనుకుంటున్నాను. కానీ మా నాన్నకి ఒకటే అనుమానం. నాకిచ్చేది అన్న సీటే కదా, అది నిజంగా ఖాళీ అయిందా అని. అన్న థీసిస్ మీద మీ సంతకం, ఆఫీసు ముద్ర చూపిస్తేగానీ పంపనంటున్నారు. ఐదు లోపు పంపిస్తారా?"

"అరగంటలో పంపిస్తానమ్మా."

అతనికి ఒళ్ళు మండింది. ఇంకా కుర్చీలోంచి లేవనేలేదు, అప్పుడే దులిపి కూర్చోవడానికి తయారైపోయింది. ఎంత తొందర తల్లీ నీకు, అనుకున్నాడు.

గైడు సంతకం గీకి, థీసిస్‌ను అతని ముఖాన విసిరాడు. అట్ట అంచు తగిలి పెదవి చిట్లింది. "ముద్ర వేయించి ఆ అమ్మాయికి పంపు. మళ్ళీ నా కంటపడకు."

ఆఫీసులో గుమాస్తా పేజీ తిప్పి చూశాడు. "ఈ మరకేంటి?"

"ఎర్ర సిరా అండీ."

గుమాస్తా అతని చేతివైపు చూసి, ఇంకేమీ అడక్కుండా ముద్ర వేశాడు. "ఇక మీ గైడు తలకిందులుగా తపస్సు చేసినా దీన్ని వెనక్కి తీసుకోలేడు. వెళ్ళి కట్టు కట్టించుకోండి, డాక్టరు గారూ."

అతను వరండాలో నిలబడి ముద్ర ఫొటో ఆ అమ్మాయికి పంపాడు. ఐదుకింకా పది నిమిషాలుంది. కింద ఇంకో ముక్క టైపు చేశాడు. 'అమ్మా, నేను చెప్పింది అబద్ధం. ఆయన మనిషి కాడు. ఇక్కడికి రావద్దు.'

నిమిషం తిరక్కుండా జవాబు వచ్చింది.

'తెలుసన్నా, నేను ఇంకో యూనివర్సిటీకి పొద్దున్నే ఒప్పుకున్నాను. ముద్ర అడిగి మిమ్మల్ని బయటికి లాగమని చెప్పింది అక్కడి నా గైడు, ఐదేళ్ళ క్రితం మీకు అబద్ధం చెప్పిన సీనియరే.'