చక్రం పక్కన చోటు

చక్రం పెద్దదైతే చేతికి తేలిక. చిన్నదైతే చోటు మిగులుతుంది. మిగిలితే మాత్రం, ఆ చోటు ఎవరికి?

భానుమూర్తి కొన్నాళ్లుగా ఈ ఒక్క ఆలోచన చుట్టూనే తిరుగుతున్నాడు.

ఎల్బీ నగర్ వెనక కాలనీలో, ఆయన ఇంటి పక్క ఖాళీ ప్లాటులో, దిమ్మెల మీద ఒక తెరచాప పడవ తయారవుతోంది. భార్య సూర్యప్రభ పోయాక మొదలుపెట్టాడు. సముద్రం ఎక్కడుందని అడిగినవాళ్లకు, మా కాకినాడలో ఉందనేవాడు.

చుక్కాని తిప్పే చక్రం ఒక్కటే తేలలేదు. దిల్‌సుఖ్‌నగర్ పాత సామాన్ల కొట్లో ఒక సైకిల్ రిమ్ము, అంబాసిడర్ కారు స్టీరింగు కొనుక్కొచ్చి, ఒకదాని తర్వాత ఒకటి కట్టి చూస్తున్నాడు.

రిమ్ము వేలితో తిరిగేది, కానీ అటూ ఇటూ బల్లల్ని ఆక్రమించేది. స్టీరింగుకి భుజబలం కావాలి.

సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు. చౌరస్తా నుంచి డప్పులు వినబడుతున్నాయి.

ఆ మధ్యాహ్నం ఒకతను గేటు దగ్గర ఆగాడు. లుంగీ, భుజమ్మీద తువ్వాల, దుమ్ము కొట్టుకుపోయిన చెప్పులు.

"సముద్రం ఈడికొస్తదా సారూ, నువ్వే పోతవా?"

భానుమూర్తి నవ్వలేదు.

"గది సైకిల్ చక్రం గాదు?"

"కొలతకి కట్టాను. అసలుది చేయించాలి."

"గంత పెద్దదా? పక్కన ఇంకో మనిషి ఎట్ల కూసుంటడు?"

"ఎవరూ కూర్చోరు. నేనొక్కణ్ణే."

"గన్ని నీళ్లల్ల ఒక్కడివే ఎట్ల పోతవ్ సారూ?"

ఆ ప్రశ్న భానుమూర్తికి రాత్రిదాకా లోపల కదులుతూనే ఉంది.

అతను తరచూ వచ్చేవాడు. పడవ చెక్కని పశువు వీపులా నిమిరేవాడు. ప్లాటులో ఈ మూల కాసేపు, ఆ మూల కాసేపు నిలబడేవాడు. ఒకసారి ఈశాన్యం మూల చెప్పులు విడిచి నిలబడ్డాడు. చెప్పులో రాయి పడిందేమో అనుకున్నాడు భానుమూర్తి.

వెళ్లేముందు ఎప్పుడూ ఒకటే మాట.

"ఎప్పుడు పోతున్నవ్ సారూ?"

ఆ రోజుల్లో ఆ మాటకు భానుమూర్తి చెవిలో ఒక్కటే అర్థం ఉండేది, ఆంధ్రాకి ఎప్పుడు పోతావని.

వీధి చివర ఉండే త్రినాథరావు దానికి ఆజ్యం పోశాడు. "వాడు మనల్ని కనిపెడుతున్నాడండీ. ఆ ప్లాటాయనేమో ఎవరో, దుబాయ్‌లో ఉంటాడట. అడిగే దిక్కు లేదని రేపో మాపో జెండా పాతేస్తారు, చూస్తూ ఉండండి."

మర్నాడు అతను మళ్లీ వచ్చాడు. చెక్క మీద చెయ్యి వేశాడు.

"ఎప్పుడు పోతున్నవ్ సారూ?"

"నేనెప్పుడు పోవాలో అడగడానికి నువ్వెవరివయ్యా?"

చెక్క మీది చెయ్యి మెల్లగా జారింది.

"నేనెవర్ని సారూ. ఊకెనే అడిగిన." తువ్వాల సర్దుకున్నాడు. "మీ పని మీరు కానియ్యుండ్రి."

మొదటిసారి 'మీరు' అన్నాడు. భానుమూర్తి చెవి ఆ తేడా పట్టుకుంది.

అతను మళ్లీ రాలేదు.

భానుమూర్తి పెద్ద చక్రమే చేయించాడు. టేకుతో. దాన్ని బిగించి వెనక కూర్చుంటే, పడవంతా తనే నిండిపోయినట్టుండేది. చేతులు చక్రం మీదుంటే చూపు గేటు మీదుండేది.

సమ్మె ముగిసి బస్సులు తిరుగుతున్న రోజుల్లో, ఒకావిడ గేటు తోసుకుని వచ్చింది.

"పడవ సారు మీరేనా? నా పేరు అండాలమ్మ. బడంగ్‌పేట కెల్లి ఒచ్చిన. మా ఆయన, అంతయ్య, ఈడికి ఒస్తుండె. తువ్వాలేసుకొని."

"ఏడీ? ఈమధ్య రావడం లేదు."

"దసరా ఎల్లినంక గుండె ఆగింది సారూ."

భానుమూర్తి చక్రాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"మీ పడవ ముచ్చటే చెప్తుండె. పక్కన జర జాగుంటే ఒక్కపారి ఎక్కిచ్చుకుంటరేమో అడుగుత అనెటోడు. అడిగిండా?"

"లేదు. అడగలేదు."

ఆవిడ ఈశాన్యం మూలకు నడిచి, చెప్పులు విడిచింది.

"మేస్త్రీ ఊకె పరేషాన్ చేస్తుండె, ఇల్లు కట్టనీకి ముగ్గెప్పుడు పోద్దామని. సారు పడవ నీళ్లల్ల దిగాలె, అందాంక కిరాయింట్లనే ఉందాం అనెటోడు మా ఆయన."

"ఎక్కడమ్మా, ముగ్గు?"

"గీడనే సారూ. దుబాయిల సెంట్రింగు పనిచేసి కొన్నడు గీ జాగ. ఇగ నాకేం తొందర లేదు. మీరు నిమ్మలంగ చేసుకోండ్రి."

భానుమూర్తి పానా అందుకుని, పెద్ద చక్రం నట్టు విప్పడం మొదలుపెట్టాడు.