సీమ చూసొచ్చినవాళ్లు

“నాన్నగారూ, పడవవాడు మనతో ఒక్క మాటైనా మాట్లాడలేదేంటండి?” అంది నీలవేణి.

వెంకటరామరాజు నవ్వేసి, ఎనిమిదేళ్ల కూతుర్నీ అయిదేళ్ల బుల్లిరాజునీ చెరో చేత్తో పట్టుకుని మొగల్తూరు రేవు గట్టెక్కాడు.

“సముద్రం దాటొచ్చాం కదమ్మా. పెద్దలు మనల్ని వెలేసి ఉంటారు. వెలేసినవాళ్లతో మాట్లాడితే వాళ్లనీ వెలేస్తారు. నాలుగు రోజులు ఓపిక పట్టాలి.”

ఇలా అవుతుందని ఆయనకి ముందే తెలుసు. కొత్తది ఏది కనపడినా పిల్లాడిలా నోరు తెరుచుకుని నిలబడిపోయే మనిషి ఆయన. భార్య పోయిన రెండేళ్లకి, తల్లిలేని పిల్లలకి లోకం చూపిస్తానని పట్టుబట్టి, ఇంగ్లీషు రాణీగారి జూబిలీ వంక పెట్టి సీమకి, లండనుకి బయల్దేరాడు. అన్నగారు ఆంజనేయరాజు వద్దని బతిమాలాడు. తల్లి జానకీదేవి బతిమాలే రకం కాదు. “సముద్రం దాటావో, మళ్లీ నా గడప తొక్కకు” అంది. “తొక్కను లెండి” అని ఈయనా అనేసి వెళ్లిపోయాడు. ఓడ ఎక్కిన రోజు నుంచీ ఆ మాట ఆయన్ని తినేస్తూనే ఉంది.

తిరుగు ప్రయాణంలో పెద్ద తుపాను పట్టుకుని, పెట్టెలన్నీ సముద్రం పాలయ్యాయి. తల్లికని ఏరి కొన్న కళ్లజోడూ పోయింది. ఒంటిమీద బట్టలు ఇప్పటికీ తడిగానే ఉన్నాయి. ఈ ముసురులో మాత్రం ఏం ఆరతాయి?

ఇంటి ముందు వీరమ్మ వాకిలి ఊడుస్తోంది. పిల్లలిద్దర్నీ చంకనేసుకుని పెంచిన మనిషి. నీలవేణి పరుగున వెళ్లి, “వీరమ్మా, వచ్చేశాం!” అంది. వీరమ్మ చీపురు పక్కన పడేసి, పైట చెంగుతో ముఖం కప్పుకుని, వెక్కుతూ దొడ్లోకి వెళ్లిపోయింది.

“చూశావా, మనమంటే ప్రాణమే. పెద్దలకి జడిసింది పాపం” అన్నాడు వెంకటరామరాజు.

జానకీదేవి అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. చిక్కి సగమైంది. వెంకటరామరాజు వాకిట్లోనే ఆగిపోయాడు. “అమ్మ పిలిస్తేగానీ నేను లోపలికి రాను. మీరు వెళ్లండి. చూసినవన్నీ చెప్పండి. మిమ్మల్ని చూస్తే కరిగిపోతుంది.”

పిల్లలు వెళ్లి ఆవిడ ఎదురుగా చతికిలబడ్డారు.

“మామ్మగారూ, అక్కడ ఒక ఇల్లంతా గాజేనండి. చెట్లు కూడా ఇంట్లోనే ఉన్నాయి” అన్నాడు బుల్లిరాజు.

“గడియారమైతే మన గుడి గోపురమంత ఉందండి. అది గంట కొడితే తమ్ముడు జడుసుకుని నాన్నగారి కాళ్లు చుట్టేశాడు.”

“అక్కే జడుసుకుందండి!”

“ఇంకో పెద్ద గుమ్మటం ఉందండి మామ్మగారూ. ఈ గోడ దగ్గర గుసగుసగా చెప్పిన మాట ఆ చివర గోడ దగ్గర వినపడుతుంది. నేను మీ పేరు చెప్పాను. తమ్ముడికి అంత దూరాన వినపడిందండి.”

జానకీదేవి వీధి వైపు చూస్తూ ఉండిపోయింది. నీలవేణి ఇంకా గట్టిగా చెప్పింది. చివరికి ఏడుపు గొంతుతో తండ్రి దగ్గరికి వచ్చేసింది. “అంత దూరం వినపడిన మాట, ఇంత దగ్గర నుంచి మామ్మగారికి వినపడట్లేదేంటండి?”

ఆయనకి గుండె చెరువైపోయింది. తన మీద కోపం ఉంటే ఉండొచ్చు, పసివాళ్లు ఏం చేశారు? అయినా తల్లి గురించి పిల్లల దగ్గర చెడ్డగా అనడానికి నోరు రాలేదు. “పంతం అమ్మా. నాకూ ఆవిడ దగ్గర నుంచే వచ్చింది” అన్నాడు.

రెండు రోజులు ఎడ్లపాకలోనే గడిపారు. ఒక్కరూ ఇటు తొంగి చూడలేదు. మూడోనాడు పొద్దున్నే ఆంజనేయరాజు గుండు చేయించుకుని, పురోహితుడితో కాలవ గట్టుకి వెళ్లాడు. వెనకే బంధువులంతా నడిచారు. వీళ్లూ దూరంగా అనుసరించారు.

ఇసుకలో పిండం పెట్టి, పక్కనే రెండు చిన్న ఆకుల్లో పాలన్నం ఉంచారు. పురోహితుడు వెంకటరామరాజు పేరూ గోత్రమూ చదివాడు.

“అది మీ పేరేనండి!” అంది నీలవేణి.

“అవునమ్మా. వెలేసినవాళ్లకి బతికుండగానే కర్మ చేసేస్తారు. ఇక మనం లేనట్టే లెక్క.” అన్నయ్య కూడా ఒప్పుకున్నాడా అని ఆయనకి బాధేసింది.

కాకులు కొమ్మ మీదే కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు.

“ఏదో కోరిక ఉండిపోయిందండి. ఏదైనా మాటివ్వండి” అన్నాడు పురోహితుడు.

“తమ్ముడూ, నీ పుస్తకాలు ఒక్కటి కూడా చెదపట్టనివ్వను” అన్నాడు ఆంజనేయరాజు. కాకులు కదల్లేదు.

వెంకటరామరాజుకి అంత బాధలోనూ నవ్వొచ్చింది. “ఎలా ముడతాయి? పోయినవాళ్ల కోరిక తీరితేనే కాకి పిండం ముట్టేది. బతికున్నవాళ్లకి పెడితే కాకులకి తెలియదా? మనుషులకే తెలియలేదు.”

అంతలో గట్టు మీద కలకలం రేగింది. ఆడవాళ్లు రాకూడని చోటికి జానకీదేవి వస్తోంది. ఆపబోయిన వాళ్లని తోసేసుకుని వచ్చి ఇసుకలో కూలబడింది.

“ఒరే నాయనా! గడప తొక్కొద్దన్నది నేనేరా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కోపం పెట్టుకోకు. పిల్లల్ని తీసుకుని ఇంట్లోకి రారా!”

వెంకటరామరాజుకి కళ్లనీళ్లు ఆగలేదు. ఇన్నాళ్లూ తినేస్తున్న ఆ మాట ఒక్కసారిగా వదిలిపోయింది. “విన్నారా? మామ్మగారు రమ్మంటున్నారు! పదండి, ఇంటికి వెళ్లిపోదాం” అంటూ పిల్లలిద్దర్నీ రెండు చేతులా ఎత్తుకున్నాడు.

కాకి పిండం ముట్టింది.