పదిహేడో మిషను మూట

కత్తెరమ్మ మళ్లీ ఆ మూటే తీసి కాళ్ల దగ్గర పెట్టుకుంది.

"చూశావా? ముప్పై మూటలుంటే నీ మూట మీదే దాని కన్ను," అంది పదహారో మిషను అక్క.

ఆ కుట్టు హాల్లో పేర్లతో ఎవరికీ పనిలేదు. మిషను నంబరే పేరు. ఈ పిల్ల పదిహేడు.

అందరూ కుట్టేది ఒక్కటే. పసిపిల్లల చొక్కాలు, అరచెయ్యంత.

కుట్టినవన్నీ చెకింగు బల్ల మీదికి పోతాయి. ఆ బల్ల దగ్గర ఉండే ముసలామె కత్తెరమ్మ. మెళ్లో తాడుకి కత్తెర వేలాడుతుంటుంది, నోట్లోంచి మాట ఊడిపడదు. మొగుడా పిల్లలా, ఒంటికాయ శొంఠికొమ్ము.

పదిహేడుకి ఐదో నెలలో కడుపు పోయింది. ఇరవయ్యో రోజున వచ్చి మిషను ముందు కూర్చుంది.

"ఇంకొన్నాళ్లు ఇంట్లో ఉండొచ్చుగా," అన్నారు అందరూ.

ఇంట్లో ఉంటే అత్తగారు. "ఆ గుడ్డల మూట ఎత్తకపోతే బిడ్డ దక్కేది" అని కూర్చుంటే ఒకసారి, లేస్తే ఒకసారి. మొగుడు గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. పుట్టని బిడ్డకి ఏడుపేమిటని బంధువులు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఒక్కతే చెయ్యి పట్టుకుని చెప్పింది.

"మూట ఎత్తడం వల్ల కాదమ్మా. నువ్వు చేసిన ఏ పని వల్లా పోలేదు. ఎందుకు పోయిందో ఒక్కోసారి మాకూ తెలియదు. నిన్ను నువ్వు తిట్టుకోకు. ఏడుపొస్తే ఏడువు."

పదిహేడు విన్నది. కానీ డాక్టరమ్మ చెప్పింది ఒక్కసారి, అత్తగారు చెప్పేది రోజూ. ఎవరి మాట నిలుస్తుంది?

అందుకే ఆమెకి ఈ పని కావాలి. వారంలో మూడు చొక్కాలు తప్పని తేలితే మర్నాటి నుంచి రానక్కర్లేదు. పని పోతే పొద్దస్తమానం ఆ ఇంట్లో, ఆ మాట వింటూ కూర్చోవాలి.

మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పారు. కత్తెరమ్మ గోడవైపు తిరిగి పదిహేడో మూట విప్పింది.

"ఏం చేస్తోందక్కా?"

"ఏం చేస్తుంది, తప్పులు ఏరుతోంది. సూపర్వైజరుకి చూపించాలిగా."

పదిహేడు లేచి వెళ్లింది.

"నా మూట మీద పడ్డారేంటి మీరు?"

కత్తెరమ్మ గబుక్కున చొక్కాలు ఒళ్లో దాచేసింది.

"తిన్నావా?" అంది.

"దాచి ఎవరికి చూపిస్తారు? నాలుగో మిషను మీద పదేళ్లు కుట్టారటగా. మీరెప్పుడూ తప్పు చెయ్యలేదా?"

"చేశాను."

"మరి నా మీదెందుకు కక్ష?"

"మూట ఎత్తినందుకు పోదమ్మా కడుపు," అంది కత్తెరమ్మ నెమ్మదిగా. "వెళ్లి తిను."

పుండు మీద కారం చల్లినట్టయింది.

"మీరేమన్నా డాక్టరీ చదివారా? కడుపు పోయినదాని బాధ మీకేం తెలుసు? మోస్తే కదా తెలిసేది."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. పదిహేడుకి తీసుకోవాలనీ అనిపించలేదు. కడుపులో మంట కాస్త చల్లారినట్టే ఉంది.

నాలుగు రోజులకి సూపర్వైజరు కత్తెరమ్మ బల్ల దగ్గర నిలబడ్డాడు.

"రోజుకి ముప్పై మూటలు చూడాలి. నెల నుంచీ ఇరవైకి మించడం లేదు. కళ్లు ఆనట్లేదేమో, ఇక ఇంటి పట్టున ఉండమ్మా."

కత్తెరమ్మ మెళ్లో కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. పోతూ పోతూ పదిహేడు పక్కన ఆగింది.

"భుజం కుట్టేటప్పుడు మెడ దగ్గర ఆగు తల్లీ. అక్కడ ఆగు."

పదిహేడు మొహం తిప్పుకుంది. పీడ విరగడైంది అనుకుంది.

మర్నాడు కొత్త చెకింగు అమ్మాయి పదిహేడో మూట తెచ్చి సూపర్వైజరు ముందు కుమ్మరించింది.

"సార్, ఇవి ఏ పిల్లకి తొడుగుతారు?"

తొమ్మిది చొక్కాలు. ఈ భుజం దగ్గర మొదలైన కుట్టు మెడ దగ్గర ఆగకుండా ఆ భుజం దాకా పోయింది. తల దూరే సందే లేదు.

పదిహేడు వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. దారం తనదే. చేతులు వాటి పాటికవి కుట్టుకుపోయాయి, మనసెక్కడుందో ఆమెకే తెలియదు.

"ఇదేంటమ్మా? నెల రోజులుగా నీ దగ్గర్నుంచి ఒక్క తప్పూ రాలేదే," అన్నాడు సూపర్వైజరు.

పదిహేడుకి గోడవైపు తిరిగిన ఆ వీపు, ఒళ్లో దాచిన చొక్కాలు, కత్తెరమ్మ తినకుండా గడిపిన ఆ మధ్యాహ్నాలన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

"కత్తెరమ్మ ఇల్లెక్కడ సార్?"

"ఎవరికి తెలుసు? ఆ బల్ల దగ్గర కూర్చుని ఇవన్నీ విప్పేసి వెళ్లు. రేపటి నుంచి రావద్దు."

కుట్లు విప్పే సూది కోసం పదిహేడు కత్తెరమ్మ బల్ల సొరుగు లాగింది. సూది అడుగునెక్కడో ఉంది. దాని మీద కాగితంలో చుట్టి ఏదో ఉంది.

విప్పింది.

ఇప్పుడెవరూ కుట్టని పాతరకం పసిపిల్ల చొక్కా, తెలుపు పోయి పసుపు తిరిగింది. మెడ ఆ భుజం నుంచి ఈ భుజం దాకా కుట్టేసి ఉంది, తుప్పు పట్టిన గుండుసూదికి గుచ్చిన చీటీ మీద మిషను నంబరు నాలుగు అని ఉంది.