గేటు దగ్గర తుమ్ము

బడిలో ప్రతి పిల్ల గౌనుకూ ఒక మాట్లాడే పిన్ను గుచ్చుతారు. పిల్ల మనసు ఎంత ఎదిగిందో అది రోజూ సాయంత్రం ఇంటికొచ్చాక చెబుతుంది. మా మనవరాలు చిన్మయి పిన్నుది వారం రోజులుగా ఒకటే పాట.

"గేటు దగ్గర అమ్మమ్మను వదల్లేకపోతోంది. ఇంకొక్కసారి వెనక్కి వస్తే ఒకటో తరగతికి పంపలేం."

తప్పు పిల్లది కాదు. అది లోపలికి వెళ్తుంటే నాకు తుమ్ము వస్తుంది. తుమ్మితే వెళ్ళేవాళ్ళు ఆగి, కూర్చుని, మంచినీళ్ళు తాగి కదా బయల్దేరాలి. అందుకని నేనే వెనక్కి పిలుస్తున్నాను. మా ఆయన నా తుమ్ముకు నవ్వి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ఇదంతా పిన్నుకెలా చెప్పను?

ఈ రోజు ముక్కు గట్టిగా పట్టుకున్నాను. అయినా వచ్చింది.

చిన్మయి గేటు లోపలే ఆగింది. కమ్మీల మధ్యనుంచి తన నీళ్ళసీసా అందించింది.

"నువ్వే కూర్చుని తాగు అమ్మమ్మా. తుమ్మింది నువ్వేగా."

మెట్టు మీద కూర్చుని తాగాను.

"తగ్గిందా? మరి నేను వెళ్ళిరానా?"

తలూపాను. వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

సాయంత్రం పిన్ను మెచ్చుకుంది. "చిన్మయి వదిలి వెళ్ళడం నేర్చుకుంది. గేటు బయట కూర్చున్న పాపకు మాత్రం ఇంకొంచెం టైమ్ పడుతుంది."