అడుగు వరస

ఆగిరిపల్లి రోడ్డు పక్కన బసవమ్మ దుకాణంలో మా పీహెచ్‌డీ గైడ్ కృష్ణకాంత్‌గారు మామిడిపళ్ళ పెట్టె బోర్లించేశారు. గడ్డి కింద, అడుగు వరసలో సగం కుళ్ళినవే.

"పైన మంచివి పేర్చి జనాన్ని ముంచుతావా? సిగ్గులేదూ నీకు?"

"మార్చి ఇస్తానండీ," అంది బసవమ్మ తలెత్తకుండా.

బ్యాంకుల మీద పరిశోధన చేయించే మనిషంటే ఇలా ఉండాలనుకున్నాను.

కారెక్కగానే నా థీసిస్ తెరిచారు. "బ్యాంకులన్నీ నిలకడగా ఉన్నాయని తేలాలి కదమ్మా. మునిగిపోయిన ఈ పదకొండింటినీ డేటాలోంచి తీసెయ్. ఎవరు చూడొచ్చారు?"

అంటూనే బసవమ్మ మార్చిచ్చిన పెట్టెలోంచి ఓ పండు తీసి, హాయిగా వాసన చూశారు.

"పైన గడ్డి కూడా పరచమంటారా సార్?" అన్నాను.